మాజీ సైనికుల్లో డిప్రెషన్: షుగరు చీటీ చాటున దాగేది

సైన్యం నుంచి దిగి వచ్చిన మనిషి మానసిక వైద్యుడి గుమ్మం తొక్కడం అరుదు. షుగరు డాక్టరు దగ్గరికి మాత్రం నెలనెలా వెళ్తాడు. మోకాళ్ల నొప్పులకు వెళ్తాడు, గ్యాస్ అని వెళ్తాడు, గుండె దడగా ఉందని ఈసీజీ తీయించుకుంటాడు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో మాజీ సైనికుల డిప్రెషన్ గురించి మాట్లాడాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆ జబ్బు వాళ్లకు ఒంటరిగా రాదు, వచ్చినా తన పేరు చెప్పుకోదు. ఒంటి నొప్పులు, నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే కోపం, పొద్దు గూకితే సీసా, వీటి చాటున కూర్చుంటుంది. అందుకే దాన్ని కనిపెట్టే ప్రశ్నలు సైకియాట్రీ ఓపీలో కన్నా బీపీ చూసే బల్ల దగ్గర అడగడమే మేలు. అక్కడ వచ్చిన మార్కును ఆ మనిషికున్న మిగతా జబ్బులతో కలిపి చదవాలి. ఈ రెండో పని మొదటిదానికన్నా కష్టం. స్క్రీనింగ్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా వదిలేసేది కూడా దీన్నే.

దాచుకోవడం ఎక్కడ అలవాటవుతుంది

మనసు సంగతి బయటపెట్టకపోవడం సైనికుడు సర్వీసులోనే నేర్చుకుంటాడు. అది మొండితనం అనుకుంటే పొరపాటు, అదొక లెక్క. భారత సైన్యంలో ఆరోగ్యాన్ని ‘షేప్’ అనే పద్ధతిలో అంచనా వేస్తారు. అందులో ఐదు అంశాలు: మానసిక స్థితి, వినికిడి, కాళ్లూ చేతులూ, శరీర దారుఢ్యం, కంటిచూపు. ఐదూ సరిగ్గా ఉన్నవాడు షేప్-1. ఏదో ఒక చోట తగ్గితే ‘లో మెడికల్ కేటగిరీ’, అంటే తక్కువ ఆరోగ్య శ్రేణి. మోకాలు దెబ్బతిని కేటగిరీ తగ్గినవాడి మీద తోటివాళ్లు జాలిపడతారు. మొదటి అంశం దగ్గర తగ్గినవాడి చేతికి ఆయుధం ఇవ్వడానికి వెనకాడతారు, ప్రమోషన్‌కు అడ్డం పడుతుంది, బ్యారక్‌లో పేరు పడుతుంది. ఇదంతా కళ్లారా చూసిన జవాను నిద్ర పట్టకపోతే నడుం నొప్పి అని చెప్పి మాత్ర తెచ్చుకుంటాడు. పదిహేడేళ్లో ఇరవై నాలుగేళ్లో అలా నడిచిన అలవాటు డిశ్చార్జి బుక్కు చేతికి రాగానే పోదు.

బయటికి వచ్చాక ఆ లెక్కలో చాలా భాగం చెల్లదు. డిప్రెషన్ అని రాసినంత మాత్రాన సర్వీసు పెన్షన్‌లో ఒక్క రూపాయి కోత పడదు. ఆ సంగతి చాలామందికి తెలియదు, తెలిసినా నమ్మరు. అయితే ఒక భయం మాత్రం ఉత్తది కాదు. రాయలసీమలో రిటైరైన జవాన్లకు బ్యాంకు గన్‌మన్, ప్లాంటు సెక్యూరిటీ తేలిగ్గా దొరికే ఉద్యోగాలు. సొంత లైసెన్సు తుపాకీ ఉంటే జీతం కాస్త ఎక్కువ. మతి స్థిమితం లేనివారికి ఆయుధ లైసెన్సు ఇవ్వకూడదని 1959 ఆయుధాల చట్టం చెబుతుంది. డిప్రెషన్ వేరు, మతి స్థిమితం లేకపోవడం వేరు. కానీ ఊళ్లో ఎవరు విడదీసి చూస్తారు? మాత్రలు వాడుతున్నాడని ఏజెన్సీవాళ్లకు తెలిస్తే డ్యూటీ పోతుందన్న టెన్షన్ ఉన్న మనిషిని ‘మనసు ఎలా ఉంది’ అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: ‘ఫస్ట్ క్లాస్ సార్.’

వయసు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. పెన్షనరు అనగానే అరవై దాటిన మనిషి గుర్తొస్తాడు. సిపాయి హోదాలో దిగిన మనిషికి నలభై నిండకపోవచ్చు. హవల్దారు, నాయబ్ సుబేదారు దాకా వెళ్లినవాళ్లు ఇంకాస్త ఆలస్యంగా వస్తారు. అంటే పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, ఇంటి అప్పు అన్నీ ఇంకా ముందున్న వయసు. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు ఒక్కసారిగా చేతికి వస్తుంది. దానికి సీమలో మొదట కనిపించే దారి బోరు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే వాన. మొదటి బోరులో దుమ్ము లేస్తే రెండోది వేయిస్తారు, రెండోది పోతే మూడోది. ఇరవై ఏళ్ల కష్టం శనగచేను గట్టున నాలుగు కేసింగ్ పైపులుగా మిగిలిన మాజీ సైనికుడికి ఆ బాధ ఏ యుద్ధ జ్ఞాపకానికీ తీసిపోదు. మాజీ సైనికుల మానసిక ఆరోగ్యం అనగానే బాంబులు, సరిహద్దులు అని రాసేవాళ్లు ఈ కేసింగ్ పైపులను కూడా లెక్కలో వేసుకుంటే బాగుంటుంది.

తొమ్మిది ప్రశ్నలు, ఒక మార్కు

డిప్రెషన్ స్క్రీనింగ్‌కు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9. 2001లో అమెరికా పరిశోధకులు స్పిట్జర్, క్రోంకే, విలియమ్స్ దీన్ని ప్రకటించారు. తొమ్మిది ప్రశ్నలు, అన్నీ గడిచిన రెండు వారాల గురించే. పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉందా, నిద్ర ఎలా ఉంది, నీరసం ఉందా, ఆకలి మారిందా, తనను తాను పనికిమాలినవాడిగా అనుకుంటున్నాడా, ధ్యాస నిలుస్తోందా, కదలికలో మందకొడితనమో కుదురు లేకపోవడమో ఉందా, చనిపోతే బాగుండు అనో తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచన వస్తోందా. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కు: అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు రోజూ. మొత్తం 27. 5 నుంచి తేలికపాటి, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి ఇంకాస్త ఎక్కువ, 20 నుంచి తీవ్రం. మొదటి రెండు ప్రశ్నలనే విడిగా అడిగితే అది పీహెచ్‌క్యూ-2. ఆరింటికి మూడు వస్తే మిగతా ఏడూ అడగాలి. ఈ కాగితం ఉచితం, తెలుగులోనూ దొరుకుతుంది. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల వ్యవస్థ ప్రాథమిక వైద్యానికి వచ్చేవాళ్లను ఏటా ఒకసారి ఇలాంటి ప్రశ్నలు అడుగుతుంది.

మార్కుల్లో కలపని ప్రశ్న ఇంకొకటి అడుగున ఉంటుంది: ఇవన్నీ మీ పనికి, ఇంటి వ్యవహారాలకు, నలుగురితో మెలగడానికి ఎంత అడ్డమవుతున్నాయి? చాలా క్లినిక్కుల్లో తొమ్మిదీ కూడేసి ఇది వదిలేస్తారు. మాజీ సైనికుల విషయంలో ఎక్కువ చెప్పేది ఇదే. దిగులు ఉందని ఒప్పుకోని మనిషి ‘పెళ్లిళ్లకూ పేరంటాలకూ పోవడం మానేశా’ అని మామూలుగా చెప్పేస్తాడు.

ఈ పరీక్ష ఎంతవరకు నమ్మదగింది? 10 మార్కుల దగ్గర గీత గీస్తే, డిప్రెషన్ ఉన్న వందమందిలో 88 మందిని పట్టుకుంటుందని, లేని వందమందిలో 88 మందిని సరిగ్గా వదిలేస్తుందని మొదటి అధ్యయనం చెప్పింది. వినడానికి బాగుంది. చేతలో లెక్క వేస్తే వేరేగా కనిపిస్తుంది. ఒక చోట వెయ్యిమంది మాజీ సైనికులు ఉన్నారనీ, వాళ్లలో వందమందికి నిజంగా డిప్రెషన్ ఉందనీ అనుకుందాం. ఆ వందలో 88 మంది దొరుకుతారు. జబ్బు లేని తొమ్మిది వందల మందిలో 12 శాతం, అంటే 108 మంది, పొరపాటున గీత దాటుతారు. మొత్తం 196 మంది పాజిటివ్, వాళ్లలో జబ్బు ఉన్నవాళ్లు సగం కన్నా తక్కువ. అందుకే పాజిటివ్ వచ్చినంత మాత్రాన ‘నీకు డిప్రెషన్’ అని ముద్ర వేయకూడదు, మందు చీటీ రాయకూడదు. కూర్చోబెట్టి మాట్లాడాల్సినవాళ్ల జాబితా తయారైంది, అంతే. మాట్లాడే డాక్టరు లేకపోతే ఆ జాబితాకు విలువ లేదు.

పన్నెండుకు పన్నెండు సమానం కాదు

జబ్బులు కలగలిసి ఉన్నచోట ఈ పరీక్ష ఎక్కడ తడబడుతుందో చూడటానికి ఇద్దరు మనుషులను ఊహించుకుందాం. ఇద్దరూ మాజీ హవల్దార్లే, ఇద్దరికీ యాభై దాటింది, ఇద్దరికీ పీహెచ్‌క్యూ-9లో 12 మార్కులే వచ్చాయి.

మొదటి మనిషిది పత్తికొండ వైపు పల్లె. ఓర్వకల్లు సోలార్ పార్కులో రాత్రి సెక్యూరిటీ. సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగుతాడు, పగలు రేకుల ఇంట్లో ఉక్కలో పడుకుంటాడు. షుగరు అదుపులో లేదు, పడుకున్న కాసేపట్లోనే నాలుగైదుసార్లు మూత్రానికి లేవాలి. అతని కాగితం ఇలా ఉంది: ఆసక్తి 1, దిగులు 1, నిద్ర 3, నీరసం 3, ఆకలి 2, ధ్యాస 2, మిగతావన్నీ సున్నా. రెండో మనిషి కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ చేస్తాడు. షుగరు ఉన్నా అదుపులోనే ఉంది. అతని కాగితం: ఆసక్తి 3, దిగులు 2, నిద్ర 1, నీరసం 1, తన మీద తనకు చులకన 3, ధ్యాస 1, చావు ఆలోచన 1.

కూడితే ఇద్దరికీ పన్నెండే. కంప్యూటర్‌లో ఇద్దరూ ఒకే గడిలో పడతారు. కానీ మొదటివాడి మార్కుల్లో పది, శరీరమూ డ్యూటీ వేళలూ తెచ్చిపెట్టినవి కావచ్చు. రెండోవాడి మార్కుల్లో తొమ్మిది మనసు లోపలివి. మొదటి రెండు ప్రశ్నలే అడిగి ఉంటే మొదటివాడికి 2, అంటే గీత కిందే. రెండోవాడికి 5. మొదటివాడికి ముందు షుగరు దారిలో పెట్టాలి, డ్యూటీ మార్చుకునే వీలుంటే మార్పించాలి, నెలా రెండు నెలల తర్వాత అవే తొమ్మిది ప్రశ్నలు మళ్లీ అడగాలి. మార్కు అప్పటికీ దిగకపోతే అది ఒక్క షుగరు పనే కాదని అర్థం. రెండోవాడిని ఆ రోజే వదలకూడదు.

దీన్ని పట్టుకుని కొందరు ఒక తప్పు చేస్తారు: షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లలో నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలు తీసేస్తే సరిపోతుంది కదా అని. పనికిరాదు. మన దగ్గర మగవాళ్ల దిగులు ఎక్కువగా ఒంటి భాషలోనే బయటికి వస్తుంది. ‘పాణం బాగలేదు, ఒంట్లో సత్తువ లేదు’ అనేవాడి మాటలు తీసేస్తే అసలు జబ్బే చేజారిపోతుంది. మార్కుల మొత్తం ఒకచోట, ఏ ప్రశ్నకు ఎంత అన్నది దాని పక్కనే రాసి ఉంచడమే మేలు. కంపౌండరు మొత్తం మాత్రమే రాసి లోపలికి పంపితే డాక్టరుకు దక్కేది సగమే.

ప్రశ్న అడిగే తీరు కూడా మార్కును మారుస్తుంది. అచ్చు కాగితంలో ఉన్నట్టు ‘పనులు చేయడంలో ఆసక్తి లేదా ఆనందం తక్కువగా ఉందా’ అని చదివితే అవతలి మనిషి తల అడ్డంగా ఊపేస్తాడు. ‘పొద్దున లేస్తే ఏమీ చేయబుద్ధి కాకుండా ఉంటోందా? వారంలో ఎన్ని రోజులు అట్లుంటుంది?’ అంటే ఆగి ఆలోచిస్తాడు. ఫిరంగి దళంలో చేసినవాళ్లలో చాలామందికి వినికిడి తగ్గి ఉంటుంది, చెవుల్లో హోరు ఉంటుంది. సరిగా వినపడక ‘ఆ, బాగుంది’ అనేవాళ్లను మనసు బాగున్నవాళ్ల లెక్కలో రాసేసే ప్రమాదం ఉంది. ఇంటావిడ పక్కన ఉంటే కొన్ని ప్రశ్నలకు నిజమైన జవాబు ఆమె నుంచే వస్తుంది. ఒకటి రెండు ప్రశ్నలకు మాత్రం ఆమెను బయట కూర్చోమనాలి. ఆ ప్రశ్నలేవో కింద వస్తాయి.

వెంట వచ్చే జబ్బులు

షుగరుతో మొదలుపెడితే, మధుమేహం లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లలో డిప్రెషన్ దాదాపు రెండింతలు కనిపిస్తుంది. దారి రెండువైపులా నడుస్తుంది. దిగులులో ఉన్న మనిషి నడక మానేస్తాడు, మాత్ర మరచిపోతాడు, వేళకు తినడు, షుగరు ఎక్కుతుంది. ఎక్కిన షుగరు నీరసం తెస్తుంది, నీరసం ఇంకాస్త కుంగదీస్తుంది. సైనికుడికి దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. తెల్లవారుజామున పీటీ, సాయంత్రం ఆటలు, లంగరులో కడుపునిండా తిండి ఉన్న జీవితం నుంచి ఒక్కరోజులో పీటీ పోతుంది, ఆట పోతుంది. తిండి అలవాటు మాత్రం ఉంటుంది. ఐదేళ్లలో నడుము కొలతే సాక్ష్యం చెబుతుంది. చవగ్గా చూడగలిగినవి కొన్ని ఇక్కడే చూసేయాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గవచ్చు. బీ12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువగా ఉన్నా డిప్రెషన్‌ను పోలిన లక్షణాలే వస్తాయి. ఈ మూడు రక్తపరీక్షలు చేయించకుండా మానసిక జబ్బు మందు మొదలుపెట్టడం తొందరపాటు. గట్టిగా గురకపెట్టి పగలంతా తూగే మనిషికి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో కూడా చూడాలి.

గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి గట్టి డిప్రెషన్ ఉంటుంది, అది ఉన్నవాళ్ల బతుకు అవకాశాలు తగ్గుతాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే దీన్ని ముప్పు కారకాల్లో చేర్చమని సూచించింది. స్టెంటు వేసి పంపేటప్పుడు ఉప్పు తగ్గించమని చెప్పినట్టే పీహెచ్‌క్యూ మొదటి రెండు ప్రశ్నలూ అడగడానికి ఎంతసేపు పడుతుంది?

నొప్పుల సంగతి సీమలో ఇంకాస్త చిక్కు. కొండల్లో బరువులు మోసిన నడుములు, అరిగిన మోకాళ్లు ఒకవైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి బిగుసుకుపోయే కీళ్లు ఇంకోవైపు. నొప్పి మాత్రలు సంవత్సరాలుగా మింగేవాళ్లకు డిప్రెషన్ మందు రాసేటప్పుడు జాగ్రత్తలు ఉన్నాయి. ఎక్కువగా రాసే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు ఆస్ప్రిన్‌తోనూ నొప్పి మాత్రలతోనూ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, ట్రమడాల్‌తో కలిస్తే వేరే ప్రమాదం. పాతకాలపు డిప్రెషన్ మందు ఎమిట్రిప్టిలిన్ నొప్పికీ నిద్రకీ పనిచేస్తుంది కానీ గుండె లయ దెబ్బతిన్నవాళ్లకు, ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లకు మంచిది కాదు. కాబట్టి రోగి వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని రమ్మనడం మంచి పద్ధతి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రాజోలాం కూడా ఆ సంచిలో ఉంటుంది. నిద్ర పట్టిస్తుంది కాబట్టి అదే వైద్యం అనుకుంటారు. అది డిప్రెషన్‌ను తగ్గించదు, అలవాటు మాత్రం చేస్తుంది.

ఇక మందు, అంటే తాగే మందు. క్యాంటీన్ కార్డు మీద మాజీ సైనికుడికి మద్యం బయటికన్నా తక్కువ ధరకు దొరుకుతుంది. చాలామంది కోటా బంధువులకో స్నేహితులకో పోతుంది, అది వేరే సంగతి. ఇంట్లోనే అయిపోయే సీసాల దగ్గర చిక్కు. తాగుడు వల్ల దిగులు వచ్చిందా, దిగులు వల్ల తాగుడు పెరిగిందా అని రోగిని అడిగితే తేలదు. వైద్యులు వాడే ఉపాయం ఒకటుంది: మూడు నాలుగు వారాలు మానిపించి చూడటం. తాగుడు తెచ్చిన దిగులు చాలావరకు ఆపాటికి సద్దుమణుగుతుంది, మిగిలింది అసలు డిప్రెషన్. అయితే రోజూ ఎక్కువగా తాగే మనిషి ఇంట్లో ఒంటరిగా ఒక్కసారిగా మానేయడం ప్రమాదం, ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. వైద్యుడి పర్యవేక్షణలోనే మానాలి. తాగుడు ఎంతన్నది కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ‘ఆడిట్’ ఉంది, నలభైకి ఎనిమిది లేదా ఎక్కువ వస్తే జాగ్రత్త పడాలి. పీహెచ్‌క్యూ-9 అడిగి ఇది అడగకపోతే మాజీ సైనికుల విషయంలో సగం పని వదిలేసినట్టే. ఇంటావిడను బయట కూర్చోమనాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి. ఆమెను విడిగా అడిగితే వచ్చే జవాబు వేరు.

యుద్ధం, ఎదురుకాల్పులు, పేలుళ్లు చూసినవాళ్లలో పీటీఎస్‌డీ (భయానక ఘటన తర్వాత వదలని మానసిక జబ్బు) మాట ఎలాగూ వస్తుంది. అది ఉన్నవాళ్లలో ఇంచుమించు సగం మందికి డిప్రెషన్ కూడా ఉంటుంది. పీడకలలు, టపాకాయ పేలితే ఉలికిపాటు, కొన్ని చోట్లకు పోకుండా తప్పించుకోవడం కనిపిస్తే దానికి విడిగా ఐదు ప్రశ్నల స్క్రీనింగ్ ఉంది. దెబ్బ తలకు తగిలిన చరిత్ర ఉందా అన్నది కూడా అప్పుడే అడగాలి.

కనిపెట్టాక ఏం చేయాలి

2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పన్నెండు రాష్ట్రాల్లో సాగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. డిప్రెషన్, ఆందోళన లాంటి సాధారణ మానసిక జబ్బులున్న వందమందిలో 85 మందికి వైద్యం అందడం లేదని అది తేల్చింది. ఆ పరిస్థితిలో వెయ్యిమందికి కాగితం నింపించి 196 మందిని ‘సైకియాట్రిస్టును కలవండి’ అని పంపేస్తే ఎంతమంది వెళ్తారు? మూడు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, కర్నూలుది 1957 నాటిది, అనంతపురంది 2000, కడప రిమ్స్ 2006. కానీ ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. రాత్రి డ్యూటీ దిగి బస్సెక్కి వెళ్లి, ఓపీ చీటీ తీసుకుని, పరిచయస్తుడు ఎవరైనా చూస్తాడేమోనని తలవంచుకుని కూర్చోవడానికి ‘ఫస్ట్ క్లాస్ సార్’ అన్న మనిషి సిద్ధపడడు.

దీనికి దారి ఉంది, అది పరాయి దేశానిది కూడా కాదు. షుగరు జబ్బుతో పాటు డిప్రెషన్ కూడా ఉండి, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఏదో ఒకటైనా అదుపులో లేని 404 మంది మీద మన దేశంలో నాలుగు క్లినిక్కుల్లో జరిగిన అధ్యయనం 2020లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చింది. ఆ నాలుగింటిలో విశాఖపట్నం క్లినిక్కు ఒకటి. అక్కడ రోగిని సైకియాట్రీకి తరమలేదు. డాక్టరు కాని ఒక శిక్షణ పొందిన సమన్వయకర్త రోగితో ఫోనులోనూ నేరుగానూ మాట్లాడుతూ మనసు మార్కు, షుగరు, బీపీ మూడూ ఒకేచోట రాస్తూ వచ్చారు. నిపుణులు వెనక నుంచి ఆ కేసులు చూసి మందులు మార్చమని సలహా ఇచ్చారు. రెండేళ్లకు డిప్రెషన్ లక్షణాలు సగానికి తగ్గడంతో పాటు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఏదో ఒకటైనా మెరుగుపడినవాళ్లు ఈ పద్ధతిలో 71.6 శాతం, మామూలు వైద్యంలో 57.4 శాతం. గోవాలో 2017లో ప్రకటించిన ఇంకో అధ్యయనంలో మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, గట్టి డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఆరు నుంచి ఎనిమిదిసార్లు కౌన్సెలింగ్ ఇప్పించారు. మూడు నెలలకు కోలుకున్నవాళ్లు 64 శాతం, ఆ కౌన్సెలింగ్ లేనివాళ్లలో 39 శాతం.

ఈ రెండూ చదివితే మాజీ సైనికుల విషయంలో ఒక సంగతి తట్టకమానదు. రిటైరైన నర్సింగ్ అసిస్టెంట్లు, సుబేదార్లు చాలా మండలాల్లో ఉన్నారు. వాళ్ల మాట జవాన్లు వింటారు, వాళ్ల ముందు దాచడం కూడా కష్టం. సమన్వయకర్త పనికి ఇంతకన్నా తగినవాళ్లు ఎక్కడ దొరుకుతారు? 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్కులకు నెల మందుల కోసం మాజీ సైనికులు ఎలాగూ వస్తారు. భార్య కూడా అదే కార్డు మీద వస్తుంది, ఆ ప్రశ్నలు ఆమెను కూడా అడగాలి. ఏటా నవంబరులో చాలామంది పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వేలిముద్ర వేస్తారు. అక్కడే ఒక బల్ల వేసి బీపీ, షుగరుతో పాటు ఈ ప్రశ్నలు అడిగే ఏర్పాటు చేయడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పెద్ద ఖర్చు ఉండదు. ఒక్క షరతు: ఆ కాగితం పెన్షన్ ఫైలులోకి గానీ సెక్యూరిటీ ఏజెన్సీ చేతికి గానీ పోకూడదు, ఆ మాట ముందే చెప్పాలి.

మందులు మొదలుపెట్టినవాళ్లకు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు నుంచి నాలుగు వారాల దాకా గుణం కనిపించదు. బాగైందని ఆపేయకూడదు, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. లైంగికంగా ఇబ్బంది రావచ్చు. షుగరు ఉన్న మగవాళ్లకు ఆ ఇబ్బంది ముందే ఉంటుంది కాబట్టి మాత్ర మీదికి నెపం పోతుంది, ఎవరితోనూ చెప్పకుండా మానేస్తారు. డాక్టరే ముందు ఆ మాట ఎత్తితే సగం సమస్య తీరుతుంది. ఎప్పుడైనా నిద్ర లేకున్నా హుషారుగా, డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టిన రోజులు ఉన్నాయా అని కూడా అడగాలి. అది బైపోలార్ (దిగులు, అతి హుషారు మారిమారి వచ్చే జబ్బు) అయితే ఒక్క డిప్రెషన్ మందే ఇవ్వడం ప్రమాదం.

చావు ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్న మిగతావాటితో కలిపి చూసేది కాదు. మొత్తం మార్కు ఐదే అయినా, అక్కడ ఒకటి పడితే ఆ రోజే మాట్లాడాలి. ఇంటావిడను బయట కూర్చోమని అడగాల్సిన రెండో ప్రశ్న ఇది. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే ఊరట. ఆ మాట బయటపడితే వెంటనే అడగాల్సింది ఇంట్లో తుపాకీ ఉందా అని. గన్‌మన్ ఉద్యోగం చేసే మనిషి ఇంట్లో ఉండవచ్చు. కొంతకాలం లైసెన్సున్న డీలరు దగ్గరో, పోలీసు స్టేషన్‌లోనో డిపాజిట్ చేయించడం, పొలానికి తెచ్చిన పురుగుమందు ఇంట్లో లేకుండా చూడటం, ఒంటరిగా వదలకపోవడం కుటుంబం చేయగల పనులు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. సైనిక బలగాల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో టెలీమానస్ ప్రత్యేక విభాగం 2023లో మొదలైంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతుంది. పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఆగాల్సిన పని లేదు.

ఊళ్లో ఆశా కార్యకర్త ముప్పై దాటినవాళ్లకు నింపే ఫారంలో ఆ మొదటి రెండు ప్రశ్నలు నిజానికి ఇప్పటికే ఉన్నాయి. కాగితం మీద ఉన్నాయన్నమాట. పక్కవీధి ఆడమనిషి వాకిట్లో నిలబడి మాజీ హవల్దారును ‘దిగులుగా ఉందా’ అని అడిగితే ఏం చెబుతాడో ఊహించవచ్చు. రెండు సున్నాలు పడతాయి. ఆమె తప్పేమీ లేదు.

కానీ ఆ ముప్పై ఏళ్ల గీత దగ్గర త్వరలో ఇంకో చిక్కు రానుంది. 2022లో మొదలైన నాలుగేళ్ల సైనిక నియామక పథకం అగ్నిపథ్ కింద చేరిన తొలి బ్యాచ్‌ల నాలుగేళ్లు 2026 చివరి నుంచి నిండుతాయి. నలుగురిలో ఎక్కువలో ఎక్కువ ఒకరు సర్వీసులో ఉంటారు, మిగతావాళ్లు ఇంటికి వస్తారు. పథకం నిబంధనల ప్రకారం వాళ్లకు పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ కార్డు లేదు. అంటే పాలీక్లినిక్ బల్ల వాళ్లది కాదు, నవంబరు లైఫ్ సర్టిఫికెట్ క్యూ వాళ్లది కాదు. ఎక్కువమంది వయసు ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు లోపు కాబట్టి బీపీ, షుగరు స్క్రీనింగ్ జాబితాలోనూ పేరు ఉండదు, ఆశా కార్యకర్త ఫారం వాళ్ల గడప దాకా రాదు. వాళ్లను ఎవరైనా అడగాలంటే, జ్వరానికో కాలు బెణుకుకో వెళ్లినప్పుడు ఊరి విలేజ్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారే వయసు గీత పట్టించుకోకుండా ఆ రెండు ప్రశ్నలూ అడగాలి.